గంట మోగేదాకా కోవా ముట్టరాదు

మా ఊరి పసిపిల్లలకి నిగ్రహం లేదన్న సంగతి మాకు తెలీదు. అది జీపులో వచ్చింది.

జీపులోంచి దిగినాయన పేరు సదాశివమూర్తి. జిల్లా సమన్వయాధికారి. ఏ ఆఫీసుకంటే, శైశవ కార్యనిర్వహణ సామర్థ్య మండలికి. ఆ పేరు జీపు తలుపు మీద రాయించారు. తలుపు సరిపోక 'మండలి' అన్న ముక్క వెనక మడ్‌గార్డు మీదికి పోయింది.

మాది జీడిపిక్కల ఊరు. ఆడవాళ్లు పొద్దున్నే ఫ్యాక్టరీకి పోతారు. పసిపిల్లలు అంగన్‌వాడీలోనో, నాలాంటి ముసలాళ్ల దగ్గరో ఉంటారు. నా కొడుకు లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో వాడికే తెలీదు. కోడలు జయంతి జీడిపప్పు మీద పొట్టు తీస్తుంది. పప్పు విరగకుండా తీస్తుంది, మంచి చెయ్యి. మనవరాలు గున్నమ్మకి అప్పటికి కూర్చోవడం వచ్చింది, దోగాడడం రాలేదు. కావలసిన చోటికి పొట్ట మీద పాకి చేరుకునేది. దానికి కావలసినవి చాలా ఉండేవి.

సదాశివమూర్తి గారు అంగన్‌వాడీ వాకిట్లో నిలబడి, మైకు లేకపోయినా మైకులో మాట్లాడినట్టే మాట్లాడారు. వింటున్నది కొందరు తల్లులు, టీచరు తవిటమ్మ, ఎదురింటి మేకల గవరయ్య, నేను.

"శాస్త్రీయ అధ్యయనముల వలన తేలినదేమనగా, తన్ను తాను అదుపులో ఉంచుకొను శక్తి, చూచినదానిని మనసున నిలుపుకొను శక్తి, పాత పద్ధతిని విడిచి కొత్త పద్ధతికి మారు శక్తి, ఈ మూడును శైశవమందే మొలకెత్తును. మొలకెత్తుచున్నవో లేవో నిర్ధారించు బాధ్యత మండలికి అప్పగించబడినది."

మొలకెత్తకపోతే ఏం చెయ్యాలని తవిటమ్మ అడిగింది. మొలకెత్తించబడునని ఆయన చెప్పారు.

ఎలా మొలకెత్తిస్తారో విన్నాక జయంతి మొహంలో రంగు పోయింది. పరీక్షలు మూడు. మూడింట్లోనూ తప్పిన శిశువుని తల్లితో సహా జిల్లా కేంద్రంలో ఉన్న నిగ్రహ వికాస శిబిరానికి తీసుకుపోతారు. మూడు నెలలు అక్కడే ఉంచుతారు.

జీడి ఫ్యాక్టరీలో మూడు నెలలంటే ఏమిటో సదాశివమూర్తి గారికి తెలీదు. పొట్టు తీసేవాళ్లు వరసగా పీటల మీద కూర్చుంటారు. ఒక మనిషి కొన్నాళ్లు రాకపోతే ఆ పీట మీద ఇంకో మనిషి కూర్చుంటుంది. గేటు దగ్గర అందుకోసమే కాచుకుని ఉంటారు. జయంతి కూడా అలా కాచుకునే ఆ పీట సంపాదించింది. గున్నమ్మ పుట్టినప్పుడు తన చెల్లెల్ని ఆ పీట మీద కూర్చోబెట్టి కాపాడుకుంది. ఇప్పుడా చెల్లెలు పెళ్లయి వెళ్లిపోయింది. గున్నమ్మ మూడు పరీక్షలు తప్పితే పీట పోతుంది, ఇల్లు గడవదు. అంటే మా ఇంటి అన్నం గున్నమ్మ నిగ్రహం మీద ఆధారపడింది. ఆ సంగతి గున్నమ్మకి ఎవరు చెప్పగలరు?

జయంతి ధైర్యం చేసి అడిగింది. "బావూ, ఇది పాలు తాగే గుంట. ఎదిగితే నిగ్రహం దానికే వస్తాది. మీరు కొన్నాళ్లు ఆగలేరేటి?"

"ఆదేశములో ఆగుటకు అవకాశము లేదమ్మా," అన్నారాయన.

మొదటి పరీక్ష ఆ పూటే పెట్టారు. చూడ్డానికి సులువే. శిశువు ముందు పళ్లెం, పళ్లెంలో పాలకోవా, సదాశివమూర్తి గారి చేతిలో గంట. గంట మోగేదాకా కోవా ముట్టరాదు. ఆ నియమాన్ని ఆయన పిల్లలకి స్పష్టంగా చదివి వినిపించారు. సందేహాలుంటే ఇప్పుడే అడగమన్నారు. ఎవరూ అడగలేదు. ఒక పిల్ల ఉచ్చ పోసింది గానీ దాన్ని ఆయన సందేహంగా తీసుకోలేదు.

గున్నమ్మ పళ్లెం నేలకి ఆనకముందే తన కోవా తినేసింది. తర్వాత పక్కవాడి కోవా తింది. ఇంకేమైనా ఉందేమోనని సదాశివమూర్తి గారి మొహంలోకి చూసింది. మిగతావాళ్లు కూడా కొంచెం వెనకా ముందుగా అంతే. ఒకడు మాత్రం కోవా అవతల పారేసి పళ్లెం తినబోయాడు. వాడికి సగం మార్కులివ్వొచ్చా అని ఆయన చాలాసేపు ఆలోచించారు.

నెగ్గింది ఒక్కడే, అప్పలనరస కొడుకు నూకరాజు. పరీక్షకి ముందే నిద్రపోయాడు, అంతా అయ్యేదాకా లేవలేదు. నియమంలో నిద్ర మాట లేదు. కోవా ముట్టలేదు కాబట్టి నిగ్రహం ఉన్నట్టే. వాణ్ణి ఉత్తమ నిగ్రహ శిశువుగా ప్రకటించి శాలువా కప్పారు. ఎండాకాలం కావడంతో ఆ ఉక్కకి లేచి గుక్కపట్టి ఏడ్చాడు. అవి ఆనందబాష్పాలని మర్నాడు పేపర్లో పడింది.

తప్పినవాళ్లకి మళ్లీ ఒక అవకాశం ఇచ్చారు. ఈలోగా తల్లులకి దారి తెలిసిపోయింది. పిల్లలకి తలంటి, కడుపు నిండా పెట్టి, జోకొడుతూ తీసుకొచ్చారు. అంగన్‌వాడీలో ఎటు చూసినా గురకలే. నిగ్రహం నూటికి నూరు పాళ్లు వచ్చింది. ఒక్క గున్నమ్మే తక్కువ. దాన్ని నేనే ఒళ్లో వేసుకుని జోకొట్టాను. నాకు నిద్ర పట్టింది, దానికి పట్టలేదు. నేను కోవా ముట్టలేదన్న సంగతి సదాశివమూర్తి గారు గమనించి మెచ్చుకున్నారట. తర్వాత చెప్పారు.

మా ఊరి నిగ్రహం చూడ్డానికి పక్క జిల్లాల అధికారులు వచ్చారు. చెప్పులు బయట విడిచి, మునివేళ్ల మీద నడుస్తూ, నిద్రపోతున్న పిల్లల్ని వరసగా చూసి వెళ్లారు. ఒకాయన దండం కూడా పెట్టాడు. కొన్నాళ్లకి పై ఆఫీసులో ఎవరికో అనుమానం వచ్చి, నిద్ర నిగ్రహము కాదని కొత్త ఆదేశం ఇచ్చారు. అందరి ఫలితాలూ రద్దయ్యాయి. నూకరాజుది మాత్రం అలాగే ఉంచారు, శాలువా కప్పేశారు కాబట్టి.

టౌనులో కోచింగ్ సెంటర్ వెలిసింది అప్పుడే. బస్టాండు ఎదురుగా పెద్ద బోర్డు పెట్టారు. దాని మీద టై కట్టుకున్న ఒక పసిపిల్లాడి బొమ్మ, వాడి ముందు లడ్డూ. వాడు లడ్డూ వైపు చూడకుండా దూరంగా ఎటో చూస్తున్నాడు. ఆరు నెలల వాళ్లకి ఫౌండేషన్, తొమ్మిది నెలల వాళ్లకి ఇంటెన్సివ్, కడుపులో ఉన్నవాళ్లకి బ్రిడ్జి కోర్సు. కడుపులో ఉన్నవాళ్ల బ్యాచిలో క్రమశిక్షణ బాగుంటుందని ఆ సెంటర్ ఆయనే మా ఊరొచ్చి చెప్పాడు. మా ఊరి తల్లులు ఒకర్ని చూసి ఒకరు చేర్పించారు. వాళ్ల మగాళ్లు పిల్లల్ని బస్సులో తీసుకెళ్లేవారు. జయంతి చేర్పించలేదు. నా కొడుకు లారీ మీద పోయాడు, నాకు బస్సెక్కే ఓపిక లేదు. తనే పిల్లని టౌనుకి తీసుకెళ్లి తీసుకురావాలంటే ఫ్యాక్టరీ మానాలి. ఫ్యాక్టరీ మానకుండా ఉండడానికే కదా ఈ తంటా అంతా.

"మీ మనవరాలిని చేర్పించలేదేటి మావా?" అని అప్పలనరస నన్నడిగింది. నేను ఊఁ అన్నాను. గవరయ్య అందుకుని, "దానికెందుకే కోచింగు? తిండం దానికి పుట్టుకతోనే వచ్చీసినాది," అన్నాడు.

రెండో పరీక్షకి సదాశివమూర్తి గారు ఆలస్యంగా వచ్చారు. కారణం ఉంది. మా అంగన్‌వాడీ పాత ఇల్లు కురుస్తోందని, కొత్త ఇంట్లోకి మార్చి చాలాకాలమైంది. పాత ఇంట్లో ఇప్పుడు గవరయ్య మేకలుంటాయి. కొత్త ఇంటికి రిబ్బను కత్తిరించింది ఈ సదాశివమూర్తి గారే, అప్పుడు ఇంకేదో శాఖలో ఉండేవారు. అయినా జీపు ఎప్పుడొచ్చినా ముందు పాత ఇంటికే పోతుంది. హారన్ కొడతారు. మేకలు బయటికొస్తాయి. అప్పుడు వెనక్కి తిప్పుకుని వస్తారు. కాగితాల్లో పాత ఇల్లే ఉందని, కాగితం మారేదాకా అక్కడికి వెళ్లక తప్పదని ఆయన వివరణ. గుడ్ల బండి కూడా అంతే. ముందు మేకలకి చూపించి తర్వాత పిల్లలకి తెస్తుంది.

రెండో పరీక్ష రెండు గుడ్డలతో. ఒకటి ఎర్రది, ఒకటి నీలంది. పిల్ల చూస్తుండగా ఎర్రగుడ్డ కింద గిలక్కాయ దాస్తారు. పిల్ల తీసుకుంటుంది. అలా కొన్నిసార్లయ్యాక, చూస్తుండగానే గిలక్కాయని నీలం గుడ్డ కింద పెడతారు. పిల్ల నీలం గుడ్డ ఎత్తాలి.

కోచింగ్‌కి పోయినవాళ్లూ పోనివాళ్లూ అందరూ ఎర్రగుడ్డే ఎత్తారు. నూకరాజు ఎర్రగుడ్డ ఎత్తి, కింద ఏమీ లేకపోతే మళ్లీ కప్పి, మళ్లీ ఎత్తాడు.

సదాశివమూర్తి గారు తల్లుల వైపు తిరిగి విచారంగా వివరించారు. "గమనించితిరా? వస్తువు స్థానము మారినదని కన్నులారా చూచియు, అలవాటు చొప్పున పాత స్థానమునకే పోవుచున్నారు. అదుపు చేయు మెదడు పక్వము కాకపోవుటయే దీనికి హేతువు. దీనిని మనము మొగ్గలోనే సరిదిద్దవలెను."

ఎవరూ నవ్వలేదు. మేకలు ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి. గవరయ్య వాటిని ఇంటికి తోలుకుపోతూ, "ఆ సరిదిద్దడమేదో జీపు దగ్గర మొదలెట్టు బావూ," అన్నాడు, మేకలతో అన్నట్టుగా.

గున్నమ్మ ఎర్రగుడ్డా ఎత్తలేదు, నీలం గుడ్డా ఎత్తలేదు. రెండు గుడ్డల మధ్యగా పాకిపోయి సదాశివమూర్తి గారి గంట పట్టుకుంది. ఆయన లాగారు, అదీ లాగింది. కాసేపు అధికార మర్యాదలతో పెనుగులాట జరిగింది. తర్వాత ఆయన కాగితం మీద రాసింది తవిటమ్మ చదివి చెప్పింది. పరీక్ష తప్పినది, పైగా పరీక్షా సామగ్రిని స్వాధీనపరచుకొనుటకు యత్నించినది.

మిగతా తల్లులకి మూడో పరీక్ష మీద భయం లేదు. మూడోది మళ్లీ కోవా పరీక్షే, మెలకువగా ఉండగా పెట్టేది. దానికి కోచింగ్‌లో పిల్లల్ని బాగా తయారుచేశారు. ఎంత బాగా అంటే, వాళ్లు గంట మోగనిదే ఇంట్లో కూడా తినడం మానేశారు. ముందు పాలగిన్నె పెట్టినా, గుజ్జు అన్నం పెట్టినా కదలరు. చేతులు ఒళ్లో పెట్టుకుని గంట కోసం చూస్తారు. అప్పలనరస వెళ్లి గంట కొనుక్కుంది. దాన్ని కొంగుకి కట్టుకుని తిరిగేది. మిగతావాళ్లూ కట్టుకున్నారు. సాయంత్రం ఫ్యాక్టరీ విడిచేసరికి వీధంతా మంద ఇంటికొస్తున్నట్టు ఉండేది. గవరయ్య మేకలు ఎవరి వెనకపడితే వాళ్ల వెనక పోయేవి.

ఒక సెలవునాడు పీచుమిఠాయి వాడు గంట కొట్టుకుంటూ వీధిలోకి వచ్చాడు. ఆ క్షణంలో ఏ పిల్ల ముందు ఏముంటే ఆ పిల్ల అది తింది. ఒకడు మట్టి తిన్నాడు. ఒకతె చాప కొరికింది. నూకరాజు వాళ్ల నాన్న బీడీకట్ట నోట్లో పెట్టుకున్నాడు. తల్లులంతా ఒకేసారి పరుగెత్తుకొచ్చి పిల్లల నోళ్లలో వేళ్లు పెట్టారు. పీచుమిఠాయి వాడికి తన తప్పేమిటో తెలీలేదు. మళ్లీ మా వీధికి రాలేదు.

నవ్వుకున్నాంగానీ, నూకరాజు బాగా చిక్కిపోయాడు. రోజంతా వాడిని చూసుకునే నాయనమ్మకి చెవుడు, గంట కొట్టడం మర్చిపోయేది. వాడు అన్నం ముందు కూర్చుని ఏడవకుండా అలాగే ఉండేవాడు. ఏడవకపోవడం చూస్తే నాకు భయమేసింది. అప్పలనరస వెళ్లి సదాశివమూర్తి గారికి చెప్పుకుంది. ఆయన చాలా సంతోషించారు. ఇది ఆశించిన దానిని మించిన ఫలితమని, తల్లికొక గంట అనే పథకానికి వెంటనే ప్రతిపాదన పంపుతానని అన్నారు. నాయనమ్మకి పెద్ద గంట ఇస్తారట.

మూడో పరీక్షలో గున్నమ్మ వంతు రాకముందే మిగతా పిల్లలంతా నెగ్గారు. ఈ ఫలితాలు పైదాకా పోయి, మండలి అధ్యక్షుల వారి చెవిన పడ్డాయి. జిల్లాకి ఆదర్శ గ్రామం మాదేనని తేల్చారు. ఆదర్శానికి అడ్డు ఒక్కటే, గున్నమ్మ. దాని ఆఖరి పరీక్ష అధ్యక్షుల వారి సమక్షంలో జరుగుతుందని, ఆ వెంటనే శిబిరానికి సాగనంపే కార్యక్రమం ఉంటుందని చెప్పారు. పరీక్ష ఫలితం గురించి ఎవరికీ సందేహం ఉన్నట్టు లేదు. సాగనంపడానికి దండలు కూడా తెప్పించారు.

ఆ రోజు అంగన్‌వాడీ ముందు షామియానా వేశారు. పక్కన శిబిరం వ్యాను ఆగింది. లోపల వరసగా ఉయ్యాలలు, ఒక్కొక్క ఉయ్యాల పక్కన తల్లికి ఒక ప్లాస్టిక్ కుర్చీ. జయంతి ఫ్యాక్టరీలో ఒక్క పూటకి అడిగి వచ్చింది. ఒంటిగంటకల్లా పీట మీద లేకపోతే ఇంకొకర్ని కూర్చోబెడతానని మేస్త్రీ చెప్పాడట. ఒక చేతిలో బట్టల సంచి, దాంట్లోనే టిఫిను. ఎటు పోవాల్సి వస్తే అటు పోవడానికి సిద్ధంగా వచ్చింది. పిల్ల నెత్తిన నూనె రాసి, బొట్టు పెట్టి, చెవిలో చెప్పింది.

"మా అమ్మ కదూ, ఆ గంట కొట్టినదాక ముట్టకే. ఆ తరవాత నీకేటి కావాలంటే అది పెడతాను."

గున్నమ్మ తల్లి ముక్కు పట్టుకుంది.

అధ్యక్షుల వారు దిగారు. భారీ మనిషి. ఇస్త్రీ చెదరని తెల్లబట్టలు. ఫోటోలవాళ్లకి బాగా కనబడాలని గున్నమ్మని వేదిక మీద బల్ల మీద, సరిగ్గా ఆయన మైకు పక్కన కూర్చోబెట్టారు. ముందు పళ్లెం, కోవా. మర్యాద ప్రకారం అధ్యక్షుల వారి ప్రసంగం పూర్తయ్యాకే గంట కొట్టాలని సదాశివమూర్తి గారు గంట పట్టుకుని ఒక పక్కగా నిలబడ్డారు.

ప్రసంగం మొదలైంది. నిగ్రహం లేని శిశువు నిగ్రహం లేని పౌరుడగునని, నిగ్రహం లేని పౌరుడు నిగ్రహం లేని ఓటరగునని ఆయన అన్నారు. నియమము నియమమేనని, ఎంతటివారికైనా సడలింపు ఉండదని, తానే స్వయంగా ఆ వాక్యం నియమావళిలో చేర్చానని అన్నారు. ఎక్కడో ఒక తాతగారు మనవడి బదులు గబుక్కున కోవా తినేసి పరీక్షని పాడుచేశాడట. అప్పటినుంచి నియమం ఇదీ. గంట మోగకముందు పళ్లెంలోని కోవా ఎవరు తిన్నా, వయసుతోగాని హోదాతోగాని నిమిత్తం లేకుండా వారు తప్పినట్టే, శిబిరానికి పోవలసిందే. పేపర్లవాళ్లు రాసుకున్నారు. మేమంతా చప్పట్లు కొట్టాం. గున్నమ్మ కూడా కొట్టింది.

తర్వాత ఆయన శాస్త్రంలోకి వెళ్లారు. చాలాసేపు రాలేదు.

అప్పుడు గున్నమ్మ చెయ్యి చాపి కోవా తీసుకుంది.

జయంతి సంచి భుజానికి తగిలించుకుంది. వ్యాను డ్రైవరు బీడీ ఆర్పేశాడు. సదాశివమూర్తి గారు కాగితం మీద పెన్ను ఆనించారు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాను. పిల్లతో కూడా అంతే. దానికి ఏదైనా చేతికిస్తే, అది తినబోయే ముందు నేను నోరు తెరుస్తాను. అది కొంచెం నా నోట్లో పెట్టి మిగతాది తను తింటుంది. రోజూ ఇదే మా ఆట. పుట్టాక అది ఎక్కువగా చూసిన మగ మొహం నాదే. నోరు మామూలుగా మూసుకుని ఉంటుంది, తెరిస్తే తినడానికే. మగాళ్ల నోళ్ల గురించి దానికి తెలిసింది అంతవరకే.

గున్నమ్మ కోవా పట్టుకుని అధ్యక్షుల వారి నోటి వైపు చూసింది. ఆ నోరు ఎంతసేపటినుంచో తెరుచుకునే ఉంది. ఎవరూ ఏమీ పెట్టడంలేదు. గున్నమ్మ బల్ల అంచుదాకా పాకి, ఆయన చొక్కా పట్టుకుని లేచి, నోట్లో కోవా పెట్టేసింది. సగం కాదు, మొత్తం పెట్టింది. అంత ఆకలిగా ఉన్న మనిషిని అది ఎప్పుడూ చూసి ఉండదు.

ఆయన అప్పుడు 'ఆత్మసంయమనము' అంటున్నారు. 'ఆత్మసం' దగ్గర ఆగింది. మైకులో ఒక చప్పుడు వినిపించింది. ఊరంతా విన్నది. నమిలిన చప్పుడు. తర్వాత మింగిన చప్పుడు.

సదాశివమూర్తి గారు తన చేతిలో ఉన్న గంట వైపు చూసుకున్నారు. అది మోగలేదు.

ఆయన కాగితం తీశారు. ఆయన మొండివాడు కాదు, ధైర్యవంతుడూ కాదు. రాసి ఉన్నది చదవడం తప్ప ఇంకోటి చెయ్యడం ఆయనకి రాదు. "శిశువు కోవాను తినలేదు," అని చదువుతున్నట్టుగా అన్నారు. "చేత పట్టుకొనియు తినలేదు. కావున శిశువు ఉత్తీర్ణురాలు."

జయంతి ముందుకొచ్చింది. "అయితే నాను పనికెల్లొచ్చా బావూ?"

"వెళ్లవచ్చును."

జయంతి గున్నమ్మని తీసి నా చేతుల్లో పెట్టింది. బట్టల సంచిలోంచి టిఫిను మాత్రం తీసుకుని, సంచి నా కాళ్ల దగ్గర పడేసి, ఫ్యాక్టరీ వైపు దాదాపు పరుగెత్తింది. వెనక్కి చూడలేదు. అప్పటికి ఒంటిగంట కాలేదు.

సదాశివమూర్తి గారు ఇంకా అక్కడే నిలబడి ఉన్నారు. ఆయనకి చదవాల్సింది ఇంకా కొంచెం ఉంది.

"అయ్యా, కోవా తినబడినది," అన్నారు నేల చూపులు చూస్తూ.

"నేను తినలేదు. నాకు తినిపించబడినది," అన్నారు అధ్యక్షుల వారు.

"తినిపించబడిన మాట వాస్తవమే అయ్యా. నమలుట మాత్రము తమరే. ఉమ్మివేయుటకు అవకాశము ఉండెను."

"కోవాను ఉమ్మివేయుట ఎట్లు?"

ఇది న్యాయమైన మాటే అన్నట్టు జనం తలలూపారు. పొద్దుటినుంచీ ఆయన అన్నవాటిలో అందరికీ అర్థమైనది అదే. కానీ పేపర్లవాళ్లు పెన్నులు దించలేదు. ఎంతటివారికైనా సడలింపు ఉండదన్న మాట వాళ్ల కాగితాల మీద తడి ఆరకుండా ఉంది. అధ్యక్షుల వారు వాళ్లని చూశారు, ఫోటోలవాళ్లని చూశారు. నడుం నిటారు చేశారు.

"నియమము నాకును వర్తించును," అన్నారు మైకులో. "మూడు నెలలు శిబిరమునకు నేనే పోయెదను. అధ్యక్షుడే ఆదర్శము కావలెను."

చప్పట్లు మోగిపోయాయి. తెప్పించిన దండలు ఎలాగూ ఉన్నాయి కాబట్టి ఆయన మెడలో వేశారు. ఫోటోలు తీశారు. ఆయన చెయ్యూపుతూ వ్యాను మెట్టు ఎక్కబోయారు. సదాశివమూర్తి గారు అడ్డంగా నిలబడ్డారు.

"క్షమించాలి అయ్యా. తల్లి లేనిదే శిబిరమున చేర్చుకొనరాదు."

అధ్యక్షుల వారు అర్థం కానట్టు చూశారు.

"మూడవ పేజీలో ఉన్నది. తప్పినవారు తల్లితో సహా పోవలెను. తల్లికి కుర్చీ ఇవ్వబడును."

"ఉన్నాదా బావూ, మీ అమ్మ?" అని గవరయ్య అడిగాడు. ఎగతాళిగా కాదు, మామూలుగా అడిగాడు.

ఉందట. ఇక్కడికి రెండు మండలాల అవతల, సొంత ఊళ్లోనే ఉందట. ఒక్కతే ఉంటుందట. ఆయన ఈ మాటలు చెప్తున్నప్పుడు గొంతులో గ్రాంథికం కొంచెం సడలింది. పోనీ ఫోను చేసి పిలిపించమని సదాశివమూర్తి గారు వినయంగా సలహా ఇచ్చారు. వ్యాను దారిలోనే ఆమెని కూడా ఎక్కించుకుంటుందన్నారు.

వేరే దారి లేదు. అధ్యక్షుల వారు మెడలో దండతోనే వేదిక మీదికి తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని ఫోను కలిపారు. చాలాసేపు ఎవరూ ఎత్తలేదు. ముసలామెకి వినపడాలని ఫోను గొంతు పెద్దది చేశారు. మైకు పక్కనే ఉంది. దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు.

"అమ్మా, నానే," అన్నారాయన.

మాట మా మాటే. ఇన్నాళ్లూ ఎక్కడ దాచుకున్నారో. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా ఒళ్లో గున్నమ్మ కూడా అటు తిరిగింది.

అవతలినుంచి ముసలి గొంతు వచ్చింది. "ఎవులూ? పెద్దోడివేనా? ఇన్నాల్లకి గుర్తొచ్చినానేటి నాన్నా." తర్వాత ఫోను గరగరమంది. కళ్లు తుడుచుకుంటోందో, ఫోను చెవి మార్చుకుంటోందో. మళ్లీ వచ్చింది. "ఏటైనా తిన్నావా?"

అధ్యక్షుల వారు సదాశివమూర్తి గారి వైపు చూశారు. పేపర్లవాళ్ల వైపు చూశారు. అబద్ధం చెప్పడం తెలియని మనిషేం కాదు, అంత పెద్ద ఉద్యోగం చేస్తున్నారు. అయినా ఆ గొంతుకి ఏం చెప్పాలో ఆయనకి ఇంకోటి తోచినట్టు లేదు.

"తిన్నానమ్మా," అన్నారు.

సదాశివమూర్తి గారు ఆ మాట కూడా రాసుకున్నారు.